లాంచ్ కోస్టర్ లేఅవుట్: టాప్ స్పీడ్ కంటే ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న క్లుప్తంగా ఇది. మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్న విద్యార్థి ఒకరు నోలిమిట్స్ 2 సిమ్యులేటర్‌లో ఒక లాంచ్ కోస్టర్ (చైన్‌తో పైకి లాగకుండా ట్రైన్‌ని నేల మీదే వేగంగా తోసే రోలర్ కోస్టర్) గీశారు. స్థలం 250 మీటర్ల పొడవు, 120 మీటర్ల వెడల్పు. స్టేషన్ దాటగానే గంటకు 180 కి.మీ. లాంచ్, వెంటనే 110 మీటర్ల టాప్ హ్యాట్ (నిటారుగా ఎక్కి నిటారుగా దిగే ఎత్తైన హిల్), తర్వాత ఒక పెద్ద మలుపు, ఒక హిల్, బ్రేకులు. స్నేహితుల్లో సగం మంది "అదిరింది" అన్నారు, మిగతా సగం "ఒకసారి ఎక్కితే చాలు" అన్నారు. గంటకు 113 కి.మీ. మాత్రమే వెళ్లే, అమెరికాలోని వెలాసికోస్టర్‌ను జనం ఎందుకంత మెచ్చుకుంటారు? లాంచ్‌లు ఎన్ని ఉండాలి, ఎక్కడ పెట్టాలి? హైడ్రాలిక్ మేలా, ఎల్‌ఎస్‌ఎం (ట్రాక్ వెంట అమర్చి అయస్కాంత బలంతో తోసే లీనియర్ సింక్రనస్ మోటార్) మేలా? ఇవీ వారి సందేహాలు.

మీ ఫైల్ మొత్తం చూశాను. ట్రాక్ షేపింగ్ శుభ్రంగా ఉంది, మలుపుల్లో బ్యాంకింగ్ (ట్రాక్‌ని పక్కకి వంచడం) జాగ్రత్తగా ఇచ్చారు, ఎక్కడా కుదుపు లేదు. కొత్తగా గీసేవాళ్లలో చాలామంది తడబడేది అక్కడే, మీరు దాన్ని దాటేశారు. లీనియర్ మోటార్లు, వాటి డ్రైవ్‌లు నా వృత్తి. పార్కుల్లో కొత్త రైడ్లను మొదటిసారి నడిపించే కమిషనింగ్ పనిలోనూ చాలాకాలం ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ స్నేహితుల్లో రెండో సగం మంది చెప్పిందే నా మాట కూడా. మీ లేఅవుట్ ఒకటో తారీఖున వచ్చిన జీతమంతా ఆ సాయంత్రానికే ఖర్చు పెట్టేసినట్టుంది. డబ్బు బాగానే వచ్చింది, నెలంతా ఎలా గడపాలన్న ఆలోచనే లేదు.

లాంచ్ అసలు ఎందుకు పుట్టిందో గుర్తు చేసుకుంటే విషయం తేలికవుతుంది. చైన్ లిఫ్ట్ కోస్టర్‌లో ట్రైన్‌కి శక్తి ఒక్కసారే, మొదట్లోనే ఎత్తు రూపంలో అందుతుంది. ఆ తర్వాత ప్రతి హిల్ అంతకుముందు దానికంటే తగ్గుతూ పోవాలి, ఎందుకంటే గాలి, చక్రాల రాపిడి కొంత కొంత తినేస్తూనే ఉంటాయి. 1977లో ఆంటోన్ ష్వార్జ్‌కోఫ్ షటిల్ లూప్ కోస్టర్లు తెచ్చినప్పుడు బరువును కింద పడేసో, ఫ్లైవీల్‌లో దాచిన శక్తితోనో ట్రైన్‌ని నేల మీదే వేగంగా తోశారు. కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫార్మ్‌లో 1978లో వచ్చిన మాంటెజూమాస్ రివెంజ్ ఆ కుటుంబానిదే. అయితే ఆ యంత్రం ఒకే చోట ఉంటుంది, ట్రాక్ మధ్యలో ఇంకో చోట పెట్టడం కుదరదు. అందుకే ఒక తోపు, ఒక లూప్, చివర ఒక ఏటవాలు గోడ, మళ్లీ వెనక్కి. అంతే లేఅవుట్.

1996లో ఫ్లైట్ ఆఫ్ ఫియర్‌తో లీనియర్ ఇండక్షన్ మోటార్లు వచ్చాక పరిస్థితి మారింది. తాడు లేదు, ట్రాక్ మీద కదిలే యంత్రం లేదు. కాయిల్స్ పెట్టగలిగిన చోటల్లా తోయవచ్చు. సొరంగంలో, ఏటవాలు మీద, రైడ్ సరిగ్గా సగంలో, చివరి మలుపుకు ముందు, ఎక్కడైనా. చైన్ లిఫ్ట్‌కి ఎప్పటికీ దొరకని స్వేచ్ఛ ఇది. మీరు వాడింది లీనియర్ మోటారే అయినా మీ లేఅవుట్ ఆ స్వేచ్ఛను ముట్టుకోలేదు. తోపు ఒకటే, అదీ మొదట్లోనే.

ఇప్పుడు లెక్కలకు వద్దాం. వేగాన్ని ఎత్తుగా మార్చాలంటే మీటర్లు పర్ సెకండ్‌లో ఉన్న వేగాన్ని వర్గం చేసి 19.6తో భాగించండి. రాపిడి లేకపోతే ట్రైన్ ఎక్కగలిగే ఎత్తు అది. గంటకు 100 కి.మీ. అంటే దాదాపు 39 మీటర్లు. మీ 180 కి.మీ. అంటే 127 మీటర్లు. స్పెయిన్‌లో పోర్ట్‌అవెంచురా పక్కనే ఉన్న ఫెరారీ ల్యాండ్‌లో రెడ్ ఫోర్స్ దాదాపు మీ కోస్టరే: గంటకు 180 కి.మీ., 112 మీటర్ల ఎత్తు. కాబట్టి మీది పని చేయని డిజైన్ అని ఎవరూ అనలేరు. ఒహాయోలోని సీడార్ పాయింట్‌లో 2003లో వచ్చిన టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ గంటకు 193 కి.మీ. వేగంతో 128 మీటర్ల ఎత్తు, న్యూజెర్సీలో 2005లో వచ్చిన కింగ్డా కా గంటకు 206 కి.మీ. వేగంతో 139 మీటర్ల ఎత్తు దాటాయి. ఆ రెండూ ఇదే వరసలోవి. లాంచ్ అయ్యాక రైడ్ అర నిమిషం కూడా ఉండదు.

ఎత్తు వేగం వర్గంతో పెరుగుతుందని అందరికీ గుర్తుంటుంది. మలుపు వ్యాసార్ధం కూడా వేగం వర్గంతోనే పెరుగుతుందన్నది గీసేటప్పుడు మర్చిపోతారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

మీ పెద్ద మలుపునే తీసుకోండి. సీటులో కూర్చున్నవాళ్ల మీద 3 జి కంటే ఎక్కువ భారం పడకూడదనుకుందాం (1 జి అంటే మన మామూలు బరువంత భారం). అమెరికాలో వాడే ఎఎస్‌టిఎం ఎఫ్2291, ఐరోపాలో వాడే ఈఎన్ 13814 ప్రమాణాల్లో జి పరిమితులు కాలవ్యవధిని బట్టి ఉంటాయి. క్షణంపాటు ఓర్చుకోగలిగిన భారాన్ని నాలుగైదు సెకన్లు ఓర్చుకోలేం. గంటకు 100 కి.మీ. వేగంలో, అంటే సెకనుకు 28 మీటర్లలో, ఆ మలుపుకి 28 మీటర్ల వ్యాసార్ధం చాలు. వెనక్కి తిరగడానికి కావాల్సిన వెడల్పు 57 మీటర్లు. అదే మలుపు 180 కి.మీ. వేగంలో అయితే వ్యాసార్ధం 90 మీటర్లు దాటుతుంది, వెడల్పు 180 మీటర్లు. మీ స్థలం వెడల్పే 120. అందుకే మీరు టాప్ హ్యాట్ దిగగానే ట్రిమ్ బ్రేకులు పెట్టి వేగం తగ్గించాల్సి వచ్చింది. ఫైల్‌లో ఆ బ్రేకులు చూడగానే నాకు సంగతి అర్థమైంది. మెగావాట్ల కరెంటు పోసి తెచ్చుకున్న వేగాన్ని ఒక్క హిల్ దాటగానే వేడిగా మార్చి వదిలేస్తున్నారు.

ఎత్తు కట్టకుండా ఆ వేగాన్ని అలాగే నడిపించవచ్చు కదా అంటారా? అబూధాబిలోని ఫెరారీ వరల్డ్‌లో ఫార్ములా రోసా అదే చేసింది. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు చాలామంది ఎక్కే ఉంటారు. 4.9 సెకన్లలో గంటకు 240 కి.మీ. లెక్క ప్రకారం ఆ వేగానికి 220 మీటర్ల పైచిలుకు ఎత్తు ఎక్కొచ్చు, కానీ కట్టింది 52 మీటర్లే. మిగతా వేగమంతా 2 కిలోమీటర్ల పొడవునా విశాలమైన మలుపుల్లో, చిన్న హిల్స్ మీద నడుస్తుంది. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అందులో చాలా భాగం గాలే తినేస్తుంది. ఎక్కేవాళ్లకు కళ్లద్దాలు ఇస్తారు. లాంచ్ గొప్పగా ఉంటుంది, నేను కాదనను. కానీ ఆ మలుపులు కారులో వేగంగా పోతున్నప్పటి అనుభూతికి దగ్గరగా ఉంటాయి. కోస్టర్‌లో మనం కోరుకునే మెలికలు, బోర్లా పడటాలు, సీటులోంచి పైకి లేవడాలు అంత వేగంలో ఇరికించాలంటే ఊరంత స్థలం కావాలి. సౌదీలో కిద్దియా కోసం గంటకు 250 కి.మీ. వేగంతో ఫాల్కన్స్ ఫ్లైట్ తలపెట్టినప్పుడు ట్రాక్ 4 కిలోమీటర్లు దాటడానికీ, సహజమైన కొండ అంచును వాడుకోవడానికీ ఈ గణితమే కారణం.

ఇక వెలాసికోస్టర్. ఓర్లాండోలోని ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో 2021 జూన్‌లో మొదలైంది, ఇంటామిన్ తయారీ. మొదటి లాంచ్ గంటకు 80 కి.మీ. ఇది పెద్ద వేగమేమీ కాదు, ఎత్తు లెక్కలో 25 మీటర్లు. ఆ వేగంతో మొదటి సగమంతా రాళ్ల మధ్య, నేలకు దగ్గరగా, ఇరుకుగా తిప్పారు. వేగం తక్కువ కాబట్టి మలుపులు బిగుతుగా ఉండొచ్చు. మలుపులు బిగుతుగా ఉంటే పక్కనున్న రాయి ముఖానికి తగులుతుందేమో అనిపిస్తుంది. అప్పుడు 80 కి.మీ. కూడా భయంకరంగా ఉంటుంది. వేగాన్ని మన కళ్లు పక్కనున్న వస్తువులను బట్టే కొలుస్తాయి, ఖాళీ మైదానంలో 180 కూడా నెమ్మదిగానే తోస్తుంది.

తర్వాత రెండో లాంచ్, గంటకు 113 కి.మీ. ఎత్తు లెక్కలో దాదాపు 50 మీటర్లు. దాని తర్వాత వచ్చే టాప్ హ్యాట్ 47 మీటర్లు. ఈ రెండు అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. ట్రైన్ తన దగ్గరున్నదంతా ఆ ఎత్తు ఎక్కడానికే పెడుతుంది, శిఖరం మీద బాగా నెమ్మదిస్తుంది, ముందు సీట్లలో వాళ్లు ఒక క్షణం అంచు మీద వేలాడతారు. తర్వాత నిటారుగా పతనం. అక్కడి నుంచి లేఅవుట్ స్వభావమే మారిపోతుంది: విశాలంగా, ఎత్తుగా, తలకిందులుగా కొంతసేపు తేలుతూ. చివర్లో నీటి మీద ఒక రోల్. మొదటి సగానికి ఒక వేగం, రెండో సగానికి ఇంకో వేగం ఇవ్వబట్టే ఒకే రైడ్‌లో రెండు స్వభావాలు కుదిరాయి. 1,430 మీటర్ల ట్రాక్‌లో ఖర్చయిన ప్రతి మీటరు ఎత్తుకీ బదులుగా ఏదో ఒకటి దొరుకుతుంది.

ఈ ఆలోచనకు బాట వేసినవాటిలో సీడార్ పాయింట్‌లోని మావెరిక్‌ని ముందు చెప్పాలి. 2007లో వచ్చింది. ఎత్తు 32 మీటర్లే. చైన్‌కి బదులు లీనియర్ మోటార్లే హిల్ పైకి లాక్కెళతాయి, అక్కడి నుంచి 95 డిగ్రీల పతనం, తర్వాత మెలికలు. సగంలో సొరంగం, అందులో గంటకు 113 కి.మీ. రెండో లాంచ్. ఆ లాంచ్ బయటికి రాగానే మొదట ఒక హార్ట్‌లైన్ రోల్ (కూర్చున్నవాళ్ల గుండె చుట్టూ ట్రైన్ పొర్లినట్టు తిరిగే మెలిక) ఉండేది. టెస్టింగ్‌లో ఆ రోల్ ట్రైన్‌లను, ఎక్కేవాళ్లను మరీ ఎక్కువ ఒత్తిడికి గురిచేస్తోందని గ్రహించి తెరవడానికి ముందే దాన్ని ఊడదీశారు. దాని స్థానంలో మామూలు వంపు ట్రాక్ వేశారు, ప్రారంభం రెండు వారాలు వాయిదా పడింది. లేఅవుట్ గీసేవాళ్లంతా ఈ ఉదాహరణ గుర్తుపెట్టుకోవాలి. లాంచ్ చివర ట్రైన్ వేగం అత్యధికంగా ఉంటుంది. సరిగ్గా అక్కడ బిగుతైన మెలిక పెడితే ఆ భారం చక్రాలు, బోల్టులు, మనుషుల మెడలు మోయాలి.

నాకు బాగా నచ్చింది మాత్రం జర్మనీలో, బ్రూల్ పట్టణంలోని ఫాంటాసియాలాండ్‌లో 2016లో వచ్చిన టారోన్. చుట్టూ ఇళ్లుండే పార్కు, ఎత్తు కట్టే వీలు లేదు, స్థలం చిన్నది. ఎత్తు 30 మీటర్లే అయినా వేగం గంటకు 117 కి.మీ. ఎత్తు లెక్కలో ఆ వేగానికి 53 మీటర్లు ఎక్కొచ్చు. ఎక్కలేదు. మిగిలిన వేగాన్ని ఎత్తుగా మార్చకుండా నేల దగ్గరే ఉంచి, 1,320 మీటర్ల ట్రాక్‌ని ఒకదాని మీదుగా ఒకటి, కింద నుంచి మరొకటిగా 116 చోట్ల దాటించారు. శిఖరాల మీద కూడా ట్రైన్ వేగంగానే పోతుంది కాబట్టి ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు. వెలాసికోస్టర్ వేగాన్ని ఎత్తుగా మార్చింది, టారోన్ వేగాన్ని వేగంగానే ఉంచింది. రెండూ ఆలోచించి చేసిన ఖర్చులే. మీరు ఏది ఎంచుకున్నా నాకు అభ్యంతరం లేదు, ఎంచుకున్నారని లేఅవుట్‌లో కనిపించాలి.

"లాంచ్ తర్వాత అందరూ టాప్ హ్యాటే ఎందుకు పెడతారు, బోర్ కొట్టదా" అని కూడా అడిగారు. అందానికి మించి దానికో భద్రతా కారణం ఉంది. లాంచ్ ఎప్పుడైనా బలహీనంగా రావచ్చు: ఎదురుగాలి, చలికి బిగుసుకున్న చక్రాల గ్రీజు, ఒక మోటార్ సెక్షన్ ఆగిపోవడం. అప్పుడు ట్రైన్ ఏ హిల్ ఎక్కలేక ఆగుతుందో ముందే తెలిసి ఉండాలి. లాంచ్ తర్వాత మొదటి అడ్డంకే అన్నిటికంటే కష్టమైనదైతే, దాన్ని దాటలేని ట్రైన్ వెనక్కి జారి నేరుగా లాంచ్ ట్రాక్ మీదికే వస్తుంది. అక్కడ బ్రేకులు ఉంటాయి. డ్రాగ్‌స్టర్‌లో ట్రైన్ వెళ్లిపోగానే లాంచ్ ట్రాక్ మధ్యలోంచి బ్రేక్ రెక్కలు పైకి లేచేవి, వెనక్కి జారిన ట్రైన్‌ని అవే పట్టుకునేవి. దాన్ని దాటిన ట్రైన్ మిగతావన్నీ దాటుతుందని భరోసా. మొదటి అడ్డంకి తేలిగ్గా ఉండి మూడోది కష్టంగా ఉంటే మాత్రం ట్రైన్ రెండు హిల్స్ మధ్య లోయలో ఇరుక్కుపోతుంది. దాన్ని క్రేన్‌తోనో, విడిభాగాలుగా విప్పో బయటికి తీసుకురావాలి, ఆ లోపు రైడ్ ఎన్ని రోజులు మూతపడుతుందో చెప్పలేం. కాబట్టి నియమం ఇలా పెట్టుకోండి: ప్రతి లాంచ్ తర్వాత మొదటిది కఠినమైన అడ్డంకి. అది టాప్ హ్యాటే కావాలని లేదు. అమెరికాలోని హాలిడే వరల్డ్‌లో ఉన్న థండర్‌బర్డ్ లాంచ్ నుంచి నేరుగా ఇమ్మెల్‌మాన్‌లోకి (సగం లూప్ ఎక్కి, మెలి తిరిగి, వెనుదిరిగి వచ్చే మలుపులోకి) వెళుతుంది. పని అదే, రూపం వేరు.

హైడ్రాలిక్, ఎల్‌ఎస్‌ఎం వాదన గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే కొత్త రైడ్ల విషయంలో అది దాదాపు తేలిపోయింది. హైడ్రాలిక్‌లో నైట్రోజన్ ఒత్తిడితో నిల్వ ఉంచిన శక్తి ఒక పెద్ద వించ్‌ని తిప్పుతుంది, తాడు చివరనున్న క్యాచ్ కార్ ట్రైన్‌ని లాగుతుంది. దాని మొదటి కుదుపు అద్భుతం. 2002లో నాట్స్‌లో వచ్చిన ఎక్సెలరేటర్ 2.3 సెకన్లలో గంటకు 132 కి.మీ. అందుకుంటుంది, అంటే సగటున 1.6 జి. రెడ్ ఫోర్స్ ఎల్‌ఎస్‌ఎం అయిదు సెకన్లు తీసుకుంటుంది, దాదాపు 1 జి. "ఎల్‌ఎస్‌ఎంలో పస లేదు" అనేవాళ్ల మాటలో ఈ మేరకు నిజముంది. కానీ తాడు అరుగుతుంది, క్యాచ్ కార్ వెనక్కి రావడానికి సమయం పడుతుంది, యంత్రం ఒక్కచోటే ఉంటుంది. డ్రాగ్‌స్టర్ 2021 ఆగస్టులో ట్రైన్ నుంచి ఊడిన లోహపు భాగం క్యూలో ఉన్న సందర్శకురాలికి తగిలిన ప్రమాదం తర్వాత ఆ రూపంలో మళ్లీ నడవలేదు. కింగ్డా కా 2024లో మూతపడింది, 2025 ఫిబ్రవరిలో టవర్‌ని పేలుడుతో కూల్చేశారు. ఇక కేవలం తోపు బలాన్నే పెంచుకుంటూ పోతే ఏమవుతుందనడానికి జపాన్ ఫుజి-క్యూలోని దో-దోదోన్పా ఉదాహరణ: గాలి ఒత్తిడితో 1.56 సెకన్లలో గంటకు 180 కి.మీ., సగటున 3 జి దాటేది. ఎముకలు విరిగాయని కొందరు రైడర్లు చెప్పడంతో 2021లో ఆపేశారు, 2024లో శాశ్వతంగా మూసేశారు. నా ఉద్దేశంలో 1 నుంచి 1.5 జి మధ్య చక్కటి లాంచ్ చేయవచ్చు. శరీరానికి తోపు తెలిసేది త్వరణం ఎంత ఉందన్నదానితో పాటు అది ఎంత హఠాత్తుగా మొదలైందన్నదాన్ని బట్టి కూడా. ఆ మొదటి క్షణాన్ని ఎల్‌ఎస్‌ఎం డ్రైవ్‌లో మనకు కావాల్సినట్టు ట్యూన్ చేసుకోవచ్చు.

స్వింగ్ లాంచ్ మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. అందులోని భౌతికశాస్త్రం ముచ్చటగా ఉంటుంది. ఒకే మోటార్ల వరస మీదుగా ట్రైన్ ముందుకి, వెనక్కి, మళ్లీ ముందుకి పోతుంది, ప్రతిసారీ అంతే శక్తి కలుస్తుంది. శక్తి వేగం వర్గానికి అనుపాతం కాబట్టి వేగాలు 1, 1.41, 1.73 నిష్పత్తిలో పెరగాలి. డ్రాగ్‌స్టర్ స్థానంలో 2024లో వచ్చిన టాప్ థ్రిల్ 2 వేగాలు చూడండి: గంటకు 119, 163, 193 కి.మీ. మొదటి వేగంతో లెక్క వేస్తే రాపిడి లేనప్పుడు 168, 206 రావాలి. రాపిడికి పోయింది పోగా మిగిలింది దాదాపు సరిపోతోంది. పొడవైన లాంచ్ ట్రాక్‌కి చోటు లేనివాళ్లకు ఇది వరం. దీని ఖరీదు సమయం. మూడుసార్లు అటూ ఇటూ తిరిగేంతసేపూ ఆ ట్రాక్ మీదికి ఇంకో ట్రైన్ రాకూడదు, పైగా ట్రైన్‌ని అక్కడికి చేర్చడానికి స్విచ్ ట్రాక్ కావాలి. పాంథియన్, టుటాటిస్ లాంటి రైడ్లు స్వింగ్ లాంచ్‌ని రైడ్ మధ్యలోకి తెచ్చాయి. అక్కడ వెనక్కి వెళ్లడం కూడా ఒక ఎలిమెంట్ అయింది. అది మంచి ఆలోచన.

అలాగని లాంచ్‌లు పెంచుకుంటూ పోతే రైడ్ బాగుపడుతుందని అనుకోవద్దు. మీ ఇంకో స్నేహితుడు "ఆరు లాంచ్‌లు పెట్టు" అన్నాడని రాశారు. ప్రతి లాంచ్‌కీ తిన్నని ట్రాక్ కావాలి. ఆ ముప్పై, యాభై మీటర్లలో మలుపు లేదు, ఎయిర్‌టైమ్ (సీటులోంచి పైకి లేవడం) లేదు. ప్రతి లాంచ్‌కీ మోటార్లు, డ్రైవ్‌లు, కేబుళ్లు, సెన్సార్లు. అందులో ఒక్కటి మొరాయించినా రైడ్ మొత్తం ఆగుతుంది. యూనివర్సల్‌లోని హాగ్రిడ్ మోటార్‌బైక్ కోస్టర్‌లో ఏడు లాంచ్‌లు ఉన్నాయి, అవి అక్కడ సరిపోయాయి. ఎందుకంటే అది కథ చెప్పే రైడ్, ట్రైన్ సన్నివేశాల దగ్గర నెమ్మదించి మళ్లీ కదలాలి, టాప్ స్పీడ్ గంటకు 80 కి.మీ. మించదు. థ్రిల్ రైడ్‌కి రెండు చాలు, మహా అయితే మూడు. స్వీడన్‌లో లిసెబెర్గ్ పార్కులోని హెలిక్స్ దీనికి చక్కటి సాక్ష్యం. కొండవాలు మీద కట్టారు కాబట్టి స్టేషన్ నుంచి కదిలిన వెంటనే కిందికి దిగుతూనే కొంత వేగం ఉచితంగా దొరుకుతుంది. రెండే లాంచ్‌లతో 1,381 మీటర్ల ట్రాక్, ఏడు ఇన్వర్షన్లు (తలకిందులయ్యే చోట్లు) సాగించారు. నేల వాలు కూడా మీ బడ్జెట్‌లో భాగమే.

మధ్యలో ఇంకో సందేహం తీరుస్తాను. హైదరాబాద్ వండర్‌లాలోని రికాయిల్‌ని లాంచ్ కోస్టర్ అని రాశారు. అది లాంచ్ కాదు. ట్రైన్‌ని వెనక్కి టవర్ మీదికి లాగి వదిలేస్తారు, వేగం ఇచ్చేది గురుత్వాకర్షణే. ముంబై, పుణె మధ్య ఖోపోలిలో ఉన్న ఇమాజికాలోని డీప్ స్పేస్ నిజమైన లాంచ్ కోస్టర్. చీకటి హాలులో నడుస్తుంది, ఫ్లైట్ ఆఫ్ ఫియర్ చేసిన ప్రీమియర్ రైడ్స్ కంపెనీదే. వీలైతే వెళ్లి ఎక్కండి. చీకట్లో వేగం ఎంతో తెలియకపోయినా తోపు ఎలా ఉంటుందో శరీరానికి తెలుస్తుంది, సిమ్యులేటర్ ఆ ఒక్కటీ నేర్పలేదు.

ఇప్పుడు మీ స్థలానికి నేనేం చేస్తానో చెబుతాను. ట్రైన్ బరువు మనుషులతో కలిపి 10 టన్నులు అనుకుందాం.

మొదటి లాంచ్ గంటకు 80 కి.మీ. చాలు. 1 జి త్వరణంతో 25 మీటర్ల ట్రాక్‌లో అయిపోతుంది. దాని తర్వాత 20 మీటర్లకు మించని తొలి అడ్డంకి, ఆపైన స్థలంలో ఒక సగాన్ని నిండుగా వాడుకునే బిగుతు మెలికలు. మీరు గీసిన చెట్ల వరస అక్కడికి జరపండి, వేగం కళ్లకు తెలుస్తుంది.

రెండో లాంచ్ పొడవైన అంచు వెంట పెట్టండి. ట్రైన్ అక్కడికి సెకనుకు 12 మీటర్ల వేగంతో చేరుతుందనుకుంటే 1 జి తోపుతో 45 మీటర్లలో సెకనుకు 32 మీటర్లు, అంటే గంటకు 115 కి.మీ. వస్తుంది. ఎత్తు లెక్కలో 52 మీటర్లు. దాని తర్వాత 46 మీటర్ల టాప్ హ్యాట్ పెడితే గాలికీ రాపిడికీ పోయాక కూడా దాటుతుంది. ఆ వేగంలో 3 జి మలుపుకి 75 మీటర్ల లోపు వెడల్పు సరిపోతుంది, మీ 120 మీటర్లలో హాయిగా పడుతుంది. ట్రిమ్ బ్రేకుల అవసరమే రాదు.

అయితే ఆ 45 మీటర్లు కాగితం మీద సరిపోయినా కట్టేటప్పుడు సరిపోవు. ట్రైన్ ఏదో కారణంతో రెండో లాంచ్ మీద ఆగిపోయిందనుకోండి. టాప్ హ్యాట్ దాటలేక వెనక్కి జారి వచ్చినా అంతే, ముందు బ్లాక్ (ఒకసారి ఒక ట్రైనే ఉండాల్సిన ట్రాక్ భాగం) ఖాళీ కాక ఆపాల్సి వచ్చినా అంతే. అప్పుడు నిలిచిన చోటు నుంచి మళ్లీ తోయాలి. సున్నా నుంచి 45 మీటర్లలో 1 జితో వచ్చేది సెకనుకు దాదాపు 30 మీటర్లు, ఎత్తు లెక్కలో 45 మీటర్లు. మీ టాప్ హ్యాట్ 46. రాపిడి కలపకముందే దాటదు. ట్రైన్ అక్కడే చిక్కుకుంటుంది. అందుకే లాంచ్ ట్రాక్‌ని 55 మీటర్లు చేయండి. సున్నా నుంచి తోసినా సెకనుకు దాదాపు 33 మీటర్లు వస్తాయి, 55 మీటర్ల లెక్క, తొమ్మిది మీటర్ల వెసులుబాటు. మామూలు రోజుల్లో ట్రైన్ 12 మీటర్ల వేగంతో వస్తుంది కాబట్టి 0.82 జి తోపు చాలు. పూర్తి బలం ఇబ్బంది రోజుల కోసం ఉంచుకోవచ్చు. పైగా ఆ ట్రాక్‌లో ట్రైన్ నిలబడగలదు కాబట్టి అదే ఒక బ్లాక్‌గా పని చేస్తుంది, రెండో ట్రైన్ నడపవచ్చు.

కరెంటు లెక్క కూడా చూడండి. లాంచ్ చివరి క్షణంలో కావాల్సిన పవర్ అంటే బలాన్ని వేగంతో గుణించడమే. మీ పాత డిజైన్‌లో 1 జితో 180 కి.మీ. చేరేసరికి దాదాపు 5 మెగావాట్లు. కొత్తదాంట్లో మామూలు పరుగులో 2.7 మెగావాట్ల లోపు. మధ్యలో వచ్చే నష్టాలు ఇందులో కలపలేదు. ఆ కొద్ది సెకన్ల కోసం ఊరి గ్రిడ్ మీద అంత భారం వేయలేక ఓర్లాండోలోని హల్క్ కోస్టర్‌కి ఫ్లైవీల్స్ పెట్టుకున్నారు. ఇప్పుడు కెపాసిటర్లు కూడా వాడుతున్నారు. మీ రిపోర్టులో ఈ భాగం తప్పకుండా రాయండి, ఎగ్జామినర్లు అడిగే ప్రశ్న ఇదే.

టాప్ హ్యాట్ తర్వాతి భాగం నేను గీయను, అది మీ ఇష్టం. ఒక్కటి మాత్రం అడుగుతాను. మీ పాత ఫైల్‌లో చివరి హిల్ దాటాక బ్రేకుల దాకా 60 మీటర్ల తిన్నని ట్రాక్ ఉంది, అక్కడ ట్రైన్ ఇంకా గంటకు 90 కి.మీ. వేగంలో ఉంది. ఆ వేగానికి ఇంకో హిల్, ఇంకో మెలిక కచ్చితంగా పడతాయి. సీటులోంచి మైనస్ 1 జి వరకు లేపే హిల్ కావాలంటే, శిఖరం మీద సెకనుకు 15 మీటర్ల వేగం ఉంటే వ్యాసార్ధం 11.5 మీటర్లు వస్తుంది. మరీ బిగుతు అనిపిస్తే మైనస్ 0.5 జికి 15 మీటర్లు పెట్టండి.

మార్చాక సిమ్యులేటర్‌లో ట్రైన్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, రాపిడి పెంచి ఒకసారి నడిపి, మూడు స్పీడ్ గ్రాఫులూ ఇక్కడే పెట్టండి. రెండో లాంచ్‌లోకి ట్రైన్ ప్రవేశించే వేగం ఆ మూడింటిలో ఎంత తేడాగా ఉందో చూస్తే మొదటి సగంలో హిల్స్ ఎత్తు ఎంత సవరించాలో చెప్పగలను.